చేతికి తగ్గ గ్లోవ్, పనికి తగ్గ గ్లోవ్

డ్యూటీ అయిపోయి రూముకు వచ్చి, కూర పొయ్యి మీద పెట్టి వింటున్నవాళ్లకు, వినే తీరిక లేక ఇక్కడ చదువుకుంటున్నవాళ్లకు దండాలు. ఎప్పటిలెక్కనే మాట్లాడింది మాట్లాడినట్టు రాసి పెడుతున్నం.

కొత్తవాళ్లకు నా గురించి ఒక ముక్క. మాది జగిత్యాల దిక్కు. ఐటీఐ ఫిట్టర్ చేసి, హెల్పర్ వీసా మీద దుబాయ్ వచ్చిన. ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్న. ఈ రోజు ముచ్చట గ్లోవ్స్ గురించి. "గ్లోవ్స్ గురించి ఏముంటదన్నా, ఇచ్చినవి వేసుకునుడే కదా" అంటరు. నేను గూడ శాన ఏండ్లు అట్లనే అనుకున్న.

పోయిన నెల మా సైట్ ఆఫీసుల ఒక ఇంజనీర్ సారు టేబుల్ మీద కొత్త గ్లోవ్స్ పెట్టుకొని చూస్తున్నడు. ఆయనకు కొండల్ల సైకిల్ తొక్కుడు పిచ్చి. హత్తాకు పోతడు. తెల్వనివాళ్లకు చెప్తున్న, హత్తా దుబాయ్‌దే, హజర్ కొండల మధ్యల ఉంటది. అక్కడ సైకిళ్ల కోసమే 50 కిలోమీటర్లకు పైగా దారులు చేసిండ్రు. పచ్చ రంగు దారి సులువు, తర్వాత నీలం, ఎరుపు. నలుపు అయితే రాళ్లల్ల నుంచి దుంకుకుంట దిగుడే. ఈయన నలుపు దారి మనిషి.

"ఇంత చూసుడేంది సార్, గ్లోవ్సే కదా" అన్న. ఆయన కుర్చీ జరిపి కూసోబెట్టి చెప్పిండు. వేలి చివర ఖాళీ ఉంటే బ్రేక్ మీద వేలు జారుతదట. బిగువుంటే చెయ్యి తిమ్మిరెక్కుతదట. అరచేతిల మెత్త ఎక్కువుంటే హ్యాండిల్ పట్టు తెలవదు, తెలవక ఇంకా గట్టిగ పిసుకుతం, అరగంటకు మోచెయ్యి దాక పట్టేస్తది. అందుకే గట్టిగ తొక్కేటోళ్లు అరచెయ్యి పలుచగ ఉన్నదే తీసుకుంటరు. పైన కణుపుల మీద మాత్రం గట్టి ప్యాడ్లుంటయి, బండకో చెట్టుకో చెయ్యి కొట్టుకుంటదని. వేళ్లు మొత్తం మూసి ఉండాలె, ఎందుకంటే పడ్డప్పుడు మనిషి ముందుగాల చేతులే ఆనిస్తడు. వెనుక దిక్కు గాలి ఆడే బట్ట. బొటనవేలు మీద చెమట తుడుచుకునే మెత్తని గుడ్డ. మూడు దుకాణాలు తిరిగి, వేసుకొని పిడికిలి పట్టి చూసి కొన్నడట.

నేను బయటికొచ్చి స్టోర్ దిక్కు చూసిన. అక్కడ మా 40 మందికి వచ్చిన గ్లోవ్స్ బస్తా ఉన్నది. చుక్కల కాటన్ గ్లోవ్స్, అన్నీ ఒక్కటే సైజు. వారానికి ఒక్క పూట సరదాకు పోయే మనిషి ఆరు సంగతులు చూసి కొన్నడు. వారానికి ఆరు రోజులు చేతులతోనే బతికే మాకు బస్తాలకెళ్లి తీసి ఇస్తున్నం. ఆయన తప్పేం లేదు, ఆయన చేసిందే సరైంది. చూడనిది మేము.

ఇగ అసలు ముచ్చటకొస్త. ఇది నేను ఎక్కడా ఇట్ల మైకు ముందు చెప్పలే.

పదకొండేండ్ల కింద, వేరే కంపెనీల, నేను కొత్తగ చార్జ్‌హ్యాండ్ అయిన. నా కింద 23 ఏండ్ల పిల్లగాడు, మా దిక్కువాడే, వచ్చి నాలుగు నెలలు. ఆ పొద్దున టూల్ బాక్స్ టాక్‌ల నేనే గట్టిగ చెప్పిన, "గ్లోవ్స్ లేకుండ ఎవ్వడు కనబడ్డా వార్నింగ్ లెటరే" అని. కొద్దిసేపటికి వాడు పిల్లర్ డ్రిల్ మీద ప్లేటుకు బెజ్జం వేస్తుండు, ఉత్త చేతులతో. నేను ఆపి, నా జేబుల ఉన్న కాటన్ గ్లోవ్స్ తీసి ఇచ్చిన. పెద్ద సైజువి. "వేసుకో తమ్మీ" అన్న. వేసుకున్నడు. పది నిమిషాలు కాలే. తిరిగే డ్రిల్‌కు గ్లోవ్ దారం చిక్కింది. దారం వెనుక గ్లోవ్, గ్లోవ్ వెనుక చెయ్యి. కుడి చూపుడువేలు రెండు కణుపులు దవాఖానల తీసేసిండ్రు.

వాడు స్పృహలకొచ్చినంక మొదలు అన్న మాట, "అన్నా, అమ్మకు చెప్పకు." నేను ఏం చేసిన్నో తెలుసా? రిపోర్టుల "ప్రమాద సమయంలో గ్లోవ్స్ ధరించాడా" అన్న కాడ "అవును" అని టిక్కు పెట్టిన. కాగితం మీద మాది తప్పే లేదు. ఆ టిక్కు పెట్టిన చెయ్యి నాది, ఐదు వేళ్లూ ఉన్నయి దానికి.

ఐటీఐల మొదటి సంవత్సరమే మాకు చెప్పిండ్రు, తిరిగే మిషన్ దగ్గర గ్లోవ్స్, పొడుగు చేతుల వదులు అంగీ, ఉంగరం, చేతికి దారం వద్దు అని. నాకు తెల్వక కాదు. "గ్లోవ్స్ అంటే సేఫ్టీ" అన్న మాట పట్టుకొని, ఏ పనికి ఏ గ్లోవ్ అన్నది ఆలోచన చెయ్యలే. అందుకే ఈ ఎపిసోడ్.

మొదటి సంగతి అదే. పిల్లర్ డ్రిల్, లేత్, రాడ్లకు త్రెడ్ కొట్టే మిషన్, ఇట్ల తిరిగే భాగం చేతికి అందే మిషన్ మీద, అది తిరుగుతున్నంత సేపు గ్లోవ్స్ వద్దు. ప్లేటును చేత్తో పట్టకుండ వైస్‌ల బిగించాలె. మిషన్ ఆగి, ప్లగ్గు తీసినంక, పదునైన చిప్పులు ఎత్తేటప్పుడు గ్లోవ్స్ వేసుకోవాలె. మీ సూపర్‌వైజర్ నాలెక్క తెలివి తక్కువ మాట చెప్తే, మర్యాదగ అడగండి, "సార్, ఈ మిషన్‌కు సేఫ్టీ ఆఫీసర్ ఏం రాసిండు, చూపించండి" అని. హ్యాండ్ గ్రైండర్‌ది వేరే లెక్క, దానికి సైట్ రూలు ఏదుంటే అది. కానీ అక్కడ గూడ వదులు గ్లోవ్, దారాలు ఊగే గ్లోవ్ మాత్రం వద్దు.

రెండో సంగతి సైజు. టేపు తీసుకొని కుడి అరచెయ్యి చుట్టూ, వేళ్ల మొదట్ల కింద, బొటనవేలు వదిలేసి కొలువండి. 18 సెంటీమీటర్లు వస్తే 7 నంబరు, 20 అయితే 8, 23 అయితే 9, 25 అయితే 10. నంబరు గ్లోవ్ మణికట్టు కాడ రాసి ఉంటది. హత్తా సారు చెప్పిందే ఇక్కడ గూడ: వేలి చివర ఖాళీ ఉండొద్దు, పిడికిలి పడితే గుంజొద్దు. సైజు పెద్దగైతే మనోళ్లు ఏం చేస్తరు? బ్లేడుతో వేళ్ల చివర్లు కోసేస్తరు. కోసినంక అది గ్లోవ్ కాదు, దారాలు ఊగే గుడ్డ.

మూడోది, గ్లోవ్ మీది అంకెలు. మంచి గ్లోవ్ వెనుక డాలు ఆకారంల ఒక బొమ్మ, దాంట్ల సుత్తె, ఈఎన్ 388 అని రాసి ఉంటది. యూరప్ వాళ్ల పరీక్ష అది. దాని కింద వరుసగ అంకెలుంటయి. మొదటిది రాపిడికి ఎంత ఆగుతది, 4 దాక. రెండోది కోతకు, 5 దాక. మూడోది చిరుగుడుకు, 4 దాక. నాలుగోది గుచ్చుకునుడుకు, 4 దాక. ఐదో జాగల అక్షరం ఉంటది, ఏ నుంచి ఎఫ్ దాక. అది గూడ కోతకే, ఇంకో పరీక్ష. ఏ అన్నిటికన్న తక్కువ, ఎఫ్ అన్నిటికన్న ఎక్కువ. గట్టి దారంతో అల్లిన గ్లోవ్‌ల మీద మొదటి పరీక్షల బ్లేడే మొద్దువారుతది, అందుకే అక్షరం చూసుడు మంచిది. చివర పి అని ఉంటే కణుపుల మీద దెబ్బకు గూడ పరీక్ష అయినట్టు. ఎక్స్ అని ఉంటే ఆ పరీక్ష చెయ్యలే అని అర్థం.

ఒక్క జాగ్రత్త. గుచ్చుకునే పరీక్షకు వాడేది నాలుగున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న మొన, సన్న సూది కాదు. కాబట్టి "4 ఉన్నది గదా" అని బైండింగ్ వైరు కొనల మీద ధీమాగ చెయ్యి పెట్టొద్దు. సన్నటి వైరు లోపలికి దిగుతది.

నాలుగోది, పనికి ఏది. స్టీలు కట్టే తమ్ముళ్లకు అరచెయ్యి దిక్కు నైట్రైల్ పూత ఉండి, వెనుక గాలి ఆడే అల్లిక గ్లోవ్ మంచిగుంటది. పట్టు దొరుకుతది, వైరు మెలి తిప్పేటప్పుడు వేళ్లకు తెలుస్తది. మందం గ్లోవ్ ఇస్తే వాళ్లు తీసి జేబుల పెట్టుకుంటరు, అది వాళ్ల తప్పు కాదు. రేకులు, డక్టు, అద్దం పనోళ్లు ఐదో జాగల అక్షరం పెద్దదున్నది అడగాలె. వెల్డర్లకు పొడుగు తోలు గ్లోవ్సే. పూత గ్లోవ్ నిప్పురవ్వలకు కరిగి చర్మానికి అంటుతది.

కాంక్రీటు, ప్లాస్టరింగ్ చేసే అన్నలు ఇది చెవిన పెట్టండి. తడి సిమెంటు సున్నం కన్న తక్కువేం కాదు, గట్టి క్షారం. దాని పీహెచ్ 12, 13 దాక ఉంటది. కాటన్ గ్లోవ్, తోలు గ్లోవ్ దాన్ని పీల్చుకొని చేతికి పట్టీ కట్టినట్టు పట్టి ఉంచుతయి. ఉత్త చెయ్యి అయితే కడుక్కుంటం, తడిసిన గ్లోవ్‌తోని గంటలు గంటలు నానుతం. మొదట్ల నొప్పి తెల్వదు, సాయంత్రానికి చర్మం లేస్తది. సిమెంట్ల ఉండే క్రోమియంకు కొందరికి దురద మొదలైతది, ఒక్కసారి పడితే మళ్ల సిమెంటు ముట్టినప్పుడల్లా వస్తది. కాబట్టి నీళ్లు దిగని నైట్రైల్ లేకపోతే పీవీసీ గ్లోవ్, మణికట్టు దాటి ఉండాలె. లోపలికి సిమెంటు పడితే వెంటనే తీసి, ఎక్కువ నీళ్లతో చాన సేపు కడగాలె. ఇంకోటి, సిమెంటుకు వేలిముద్రలు అరుగుతయి. పొద్దున పంచింగ్ మిషన్ వేలు తీసుకోక హాజరు పోగొట్టుకున్నోళ్లు మా క్యాంపుల ఉన్నరు. చేతుల కథ జీతం దాక పోతది.

కరెంటు పని చేసేటోళ్లకు ఒక్కటే మాట. మామూలు రబ్బరు గ్లోవ్ కరెంటు గ్లోవ్ కాదు. దాని మీద క్లాస్ రాసి ఉండాలె. క్లాస్ 00 అంటే 500 వోల్టుల దాక, క్లాస్ 0 అంటే 1000 వోల్టుల దాక. వేసుకునే ముందు గాలి పట్టి, మడిచి ఒత్తి, ఎక్కడన్న గాలి పోతుందా చూడాలె. అన్నిటికన్న ముందు కరెంటు బంద్ చేసి తాళం వేసుడే.

బ్రేకర్ నడిపే తమ్ముళ్లు, మెత్తటి గ్లోవ్ వేసుకున్నం గదా అని రోజంతా నడుపకండి. అదురు మొత్తం గ్లోవ్ ఆపలేదు. మనుషులు మారుకుంట నడపాలె. రాత్రి పూట వేళ్లు తిమ్మిరెక్కుడు, తెల్లబడుడు ఉంటే దాచుకోకుండ డాక్టర్‌కు చెప్పాలె.

ఐదోది, ఎవరు కొనాలె? యూఏఈల 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ఉన్నది, 2022 ఫిబ్రవరి నుంచి నడుస్తుంది. పని ప్రమాదాల నుంచి కాపాడే సామాను ఇచ్చుడు యజమాని బాధ్యత అని దాంట్ల ఉన్నది. సేఫ్టీ సూచనలు పాటించుడు మన బాధ్యత. కాబట్టి గ్లోవ్ అడుగుడు బిచ్చం కాదు. కానీ అడిగే తీరు ఉంటది. "గ్లోవ్స్ బాగలేవు" అంటే స్టోర్ కీపర్ "ఖల్లివల్లి" అంటడు. "8 నంబరు కావాలె, తడి సిమెంటు పని, నీళ్లు దిగనిది కావాలె" అని పని పేరు, సైజు చెప్పి అడగండి. నలుగురు కలిసి అడగండి. చిరిగిన గ్లోవ్ చేతిల పట్టుకొని పోండి. వాట్సాప్‌ల ఫోటో పంపితే తారీఖు గూడ ఉంటది.

సూపర్‌వైజర్లు వింటుంటే మీకో మాట. ఆ బస్తా చూసినంక నేను మా 40 మంది చేతులు టేపుతోని కొలిచిన. ఒక్క మధ్యాహ్నం రెస్టుల అయిపోయింది. చాన మందివి 8, 9 నంబర్లే. 10 నంబరు చేతులు ఐదుగురివి. మేము ఏండ్ల సంది అందరికీ ఇచ్చింది 10. ఆ కాగితం ముదీర్ దగ్గరికి తీసుకపోయిన. గీచి గీచి అడిగిండు, ఖర్చు అన్నడు. "సార్, ఇప్పుడున్నవి వారానికి చిరుగుతున్నయి, సగం జేబుల్లనే ఉంటున్నయి" అన్న. మూడు రకాలు, మూడు సైజులు ఒప్పుకున్నడు. అన్నీ రాలే, కరెంటోళ్లవి ఇంకా రావాలె, అడుగుతనే ఉన్న. అవి వచ్చేదాక ఆ పని కరెంటు బంద్ చేసినంకనే.

ఆ పిల్లగాడు ఇప్పుడు ఊళ్లె కిరాణం నడుపుతుండు. దసరాకు ఫోన్ చేస్తడు. ఈ ఎపిసోడ్ చెయ్యాలనుకున్నప్పుడు ముందు వాన్నే అడిగిన, చెప్పుకోవచ్చునా అని. "చెప్పన్నా, నువ్వు ఇచ్చినవ్, నేను వేసుకున్న, ఇద్దరం ఆలోచన చెయ్యలే. వినేటోళ్లన్న చెయ్యనీ" అన్నడు. వాడు నన్ను ఏనాడూ ఒక్క మాట అనలే. అదే బరువు.

రేపు పొద్దున గ్లోవ్ చేతికి ఎక్కించే ముందు మూడు అడుగండి: ఇది నా చేతి సైజేనా, ఇది ఈ పనిదేనా, ఈ మిషన్ దగ్గర అసలు గ్లోవ్ వేసుకోవచ్చునా. అంతే.

మీ సైట్ల ఏం ఇస్తున్నరో, ఏ సైజు ఇస్తున్నరో వాయిస్ మెసేజ్ పెట్టండి, కంపెనీ పేరు చెప్పకండి. వచ్చే వారం వాటితోనే మొదలు పెడ్త. చేతులు జాగ్రత్త. ఇంటికి ఫోన్ చేయండి. ఉంట మరి, నమస్తే.