'నేబాబు' అను మాట



ఆంగ్లభాషలో 'నేబాబు' అను మాట యొకటి కలదు. ఇప్పుడది పాతబడినది, పూర్వపు నాటకములను, చరిత్రలను చదువువారికే పరిచితము. తూర్పుదేశమున ధనమార్జించి, యింటికి మరలి, యా ధనముతో మిడిసిపడు ఆంగ్లేయుడని దాని యర్థము. ఇది మన నవాబేయని మీరీపాటికి గ్రహించియుందురు.

అరబ్బీలో 'నాయిబ్' అనగా ప్రతినిధి. దాని బహువచనమును గౌరవార్థమొక్కరికే వాడగా 'నవాబు' అయినది. మొగలు చక్రవర్తికి మారుగా సుబాను పాలించువాడు నవాబు. ఆ మాట పోర్చుగీసువారి నోట 'నబాబో' యై, ఆంగ్లేయుల నోట 'నేబాబు' అయినది. ఉచ్చారణ మారుట సహజమే. మేము విచారింపవలసినది అర్థము మారిన తీరు.

1757లో ప్లాసీ యుద్ధము ముగిసిన పిమ్మట మీర్ జాఫరు వలన క్లైవు పొందిన కానుక 2,30,000 పౌనులకు పైబడినది. అట్టివారు స్వదేశమున భూములు కొనిరి. పార్లమెంటు స్థానములు కొనిరి. పాత కులీనులకు కన్నుకుట్టెను. ఎగతాళికొక పేరు కావలసివచ్చెను. మన పదవి పేరు దొరకెను. 1772లో శామ్యూల్ ఫుట్ లండనున 'ది నేబాబ్' అను ప్రహసనమునే యాడించెను. అంతకు ముందు 1770లో, బంగాళము కఱవుతో మాడిన యేట, ఛాతం ప్రభువైన విలియం పిట్, ఆసియా ధనముతోపాటు ఆసియా పాలనారీతులును తమ దేశమున జొరబడుచున్నవని ప్రభువుల సభలో వాపోయెను.

దోచినవాడాంగ్లేయుడు, దోపిడికి గురియైనది బంగాళము, దోషము మాత్రమాసియాది! మన నవాబులందఱును ధర్మరాజులని మేమనము. ఆర్కాటు నవాబు చేసిన యప్పుల భారము, నెల్లూరిసీమతో గూడిన కర్ణాటకపు రైతుల నెత్తినే పడెను. అయినను అప్పిచ్చినవారెవరు? కంపెనీ యుద్యోగులే. 1785లో బర్కు పార్లమెంటున వారినే నిలదీసెను. ఆంగ్లేయులలో నట్టి న్యాయవాక్కు లేకపోలేదు.

ఛాతం ప్రభువు మాటకు వత్తుము. ఆయన తాత థామస్ పిట్ హిందూదేశ వర్తకముచే ధనికుడై ఓల్డ్ సారమ్ అను పార్లమెంటు స్థానమును గుప్పిట బెట్టుకొనెను. పిదప చెన్నపట్టణమునకు గవర్నరయ్యెను. అచ్చట నొక ముడివజ్రమును కొని, సానబట్టించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌనులకు విక్రయించెను. అది మన కృష్ణాతీరపు గనులలోనిదని ప్రసిద్ధి. మనుమడు 1735లో పార్లమెంటున నడుగిడినది ఆ ఓల్డ్ సారమ్ స్థానమునుండియే.