మతిమరుపంతా ముసలితనమేనా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పంతులునే గాని డాక్టరును కాను. చదివి తెలుసుకున్నది నలుగురికీ చెప్పడం నా వృత్తి. కనుక మీకు కూడ ఒక పాఠమే చెబుతాను. కాకపోతే పరీక్ష లేదు, భయపడకండి.

మన ఇళ్ళల్లో పెద్దవారు ఏదైనా మరచిపోతే 'సఠియా గయే' అని నవ్వేస్తాం. అరవై దాటితే మతి తప్పడం మామూలేనని ఆ మాటకు భావం. ఇది నిజం కాదు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి సుమారు 7 మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక సర్వే అంచనా. అంటే సుమారు 88 లక్షల మంది. తక్కిన 93 మందికి వయసు వచ్చింది గాని ఈ జబ్బు రాలేదు. కాబట్టి వయసు వేరు, జబ్బు వేరు.

ఈ తేడా ఎక్కడుందో చూద్దాం. మన దిమాగ్‌లో కోటానుకోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణానికీ ఇంకొక కణానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని దాటించి కబురు మోసుకుపోయేవి కొన్ని రసాయనాలు. ఉర్దూ షాయరీలో ఖాసిద్ అని వింటాం కదా, ఉత్తరం చేరవేసేవాడు, అలాంటివన్న మాట. వీటినే న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. 1921లో ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు కప్ప గుండెల మీద ప్రయోగం చేసి, నరాల కబురు రసాయనం ద్వారా పోతుందని రుజువు చేశాడు. 1936లో ఆయనకు, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ రసాయనం పేరు ఎసిటైల్‌కోలిన్. కొత్త సంగతి మనసులో నాటుకోవడానికి, ధ్యాస నిలవడానికి ఇది చాలా అవసరం.

వయసుతోపాటు డోపమిన్ అనే మరొక ఖాసిద్ బలం మెల్లమెల్లగా తగ్గుతుంది. ఆలోచన నెమ్మదించడానికి ఇదొక కారణం. పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవడమూ వయసులో మామూలే. కాసేపటికి అదే గుర్తుకొస్తుంది. ఇది జబ్బు కాదు.

అల్జీమర్ జబ్బులో అలా కాదు. 1906లో జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ మొదట వివరించిన జబ్బు ఇది. ఇందులో మెదడులో చెడ్డ ప్రోటీన్లు పేరుకుపోయి కణాలు చచ్చిపోతాయి. మెదడు ముందుభాగం అడుగున ఎసిటైల్‌కోలిన్ తయారుచేసే కణాలకు మరీ నష్టం. ఈ రసాయనాన్ని తయారుచేసే ఎంజైము రోగుల మెదడులో బాగా తగ్గిపోయిందని 1976లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు చూపారు. ఉత్తరం ఉంది గాని మోసేవాడు లేడు.

ఇంట్లో గుర్తుపట్టడం ఎలా? నమాజులో మూడు రకాతులా, నాలుగా అనే అనుమానం ఏ వయసులోనైనా వస్తుంది. సజ్దా-ఎ-సహ్వ్ ఉన్నది అందుకే కదా! కాని జొహర్ చదివి వచ్చిన పెద్దాయన మళ్ళీ మళ్ళీ వజూకు లేస్తున్నా, నలభై ఏళ్ళు నడిచిన మసీదు దారి తప్పుతున్నా అది వయసు కాదు. చిన్ననాడు నేర్చిన సూరాలు తప్పు లేకుండా చదివే మనిషే పొద్దున తిన్న నాస్తా మరచిపోవచ్చు. పాత జ్ఞాపకం చాలాకాలం నిలుస్తుంది, కొత్తది అంటుకోదు. 'కోడలు నాకు అన్నం పెట్టలేదు' అని అమ్మీ పొరుగువారితో చెబితే, అమ్మీ అబద్ధమాడటం లేదు, కోడలు పస్తు పెట్టడమూ లేదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని కాపురాలు చెడతాయో ఆలోచించండి.

ఇక చేయవలసింది. అసర్ అనీ, నజర్ అనీ తావీజులతో నెలలు గడపకండి. దువా చేయండి, దవా కూడ చేయించండి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ జబ్బు, మనోవ్యాకులత వల్ల కూడ మతిమరుపు వస్తుంది; వీటికి చికిత్స ఉంది. పాతరకం జలుబు, దురద మాత్రలు కొన్ని ఎసిటైల్‌కోలిన్ పనినే అడ్డుకుంటాయి. ముసలివారికి మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి. డాక్టరు వ్రాసిన మందు మాత్రం సొంతంగా మానిపించకండి, అడగండి. అల్జీమర్‌కు 1996లో అమెరికాలో అనుమతి పొందిన డొనెపిజిల్ వంటి మందులు ఉన్న ఎసిటైల్‌కోలిన్‌ను త్వరగా విరిగిపోకుండా కాపాడతాయి. కొందరికి కొంతకాలం మేలు చేస్తాయి గాని జబ్బును మాన్పవు.

బీపీ, షుగరు అదుపులో ఉంచుకోవడం, పొగ మానడం, నడవడం, చెవుడుంటే మిషను పెట్టించడం, నలుగురితో కలిసి ఉండడం, ఇవన్నీ ముప్పును తగ్గిస్తాయి.

చివరగా సంఘం వారికి ఒక మనవి. ఇలాంటి పెద్దవారున్న ఇంట్లో భారమంతా సాధారణంగా ఒక్క కోడలి మీదో, కూతురి మీదో పడుతుంది. వారానికి ఒక పూట మనలో ఒకరు వెళ్ళి ఆ పెద్దాయన దగ్గర కూర్చుంటే ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఇందుకు చందా అక్కరలేదు, పేర్లు వ్రాసుకుంటే చాలు. మొదటి పేరు నాది వ్రాసుకోండి.