చిన్న బొమ్మ, పెద్ద తెర

ఇంట్లో కుర్రవాడు కంప్యూటరు ముందు కూర్చుని, ఆట తడబడుతున్నదనీ, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటే తప్ప లాభం లేదనీ చెబితే తండ్రికి గుండె గుభేలుమనడం సహజం. ఆ కార్డు వెల కొన్ని యిళ్ళలో ఒక నెల జీతం. అయితే డబ్బు తీసేముందు, ఉన్న కార్డు చేతనే మరికొంత పని చేయించే ఉపాయం ఒకటి ఉన్నది. దానిని అప్‌స్కేలింగు అంటారు. అది ఎంతవరకు నమ్మదగినదో మనవి చేస్తాను.

ముందుగా కార్డు మోసే బరువెంతో చూద్దాం. 4కె తెర మీద అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు. మొత్తం దాదాపు 83 లక్షలు. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే, సెకనులో 60వ వంతు కాలంలో ఇన్ని చుక్కలకూ వెలుగు, నీడ, రంగు లెక్క కట్టాలి. అదే 1,920, 1,080 కొలతల బొమ్మ అయితే మొత్తం 21 లక్షలకు మించదు. ఈ చిన్న బొమ్మనే గీయించి, పెద్ద తెరకు సరిపడా విస్తరింపజేయడమే అప్‌స్కేలింగు.

విస్తరిస్తే మసకబారదా? బారుతుంది. పూర్వం సినిమా బ్యానర్లు వేసే చిత్రకారులు చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, గడి గడిగా దానిని మేడంత గుడ్డ మీదికి ఎక్కించేవారు. ఫోటోలో కనిపించని కనురెప్ప వెంట్రుకను ఊహించి వేయవలసిందే. 2021లో ఎ.ఎం.డి. సంస్థ విడుదల చేసిన ఎఫ్.ఎస్.ఆర్. మొదటి రూపం ఇటువంటిది. ఒక్క బొమ్మను చూసి, అంచులకు పదును పెట్టి పెద్దది చేసేది. ఆ చిత్రకారుని చేతికే ఒక ఫోటో కాక, కెమెరాను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి తీసిన పది ఫోటోలు ఇచ్చామనుకోండి. ఒకదానిలో దొరకనిది మరొకదానిలో దొరుకుతుంది. 2020లో వచ్చిన ఎన్విడియా వారి డి.ఎల్.ఎస్.ఎస్. రెండవ రూపమూ, 2022లో వచ్చిన ఎఫ్.ఎస్.ఆర్. రెండవ రూపమూ ఈ మార్గాన్నే అనుసరించాయి. ప్రతి బొమ్మనూ చుక్కలో కొంత భాగం మేరకు జరిపి గీయించి, ఏ వస్తువు ఎటు కదిలిందో ఆట నుంచే తెలుసుకొని, వెనుకటి బొమ్మలలోని సమాచారాన్ని కొత్తదానిలో కలుపుతాయి. డి.ఎల్.ఎస్.ఎస్.లో ఈ కలపడం న్యూరల్ నెట్‌వర్కు పని; అందుకు ఆర్.టి.ఎక్స్. కార్డు ఉండి తీరాలి. ఎఫ్.ఎస్.ఆర్. రెండవ రూపానికి ఆ నిర్బంధం లేదు. పోటీ సంస్థ వారి పాత కార్డుల మీద కూడా నడుస్తుంది. మధ్యతరగతి గృహస్థుకు ఇది ఉపకారమే. కాకపోతే ఆట తయారు చేసినవారు దానిని ఆటలో పొందుపరచి ఉండాలి.

పోగు చేయడానికి సరుకు ఉండాలి గదా! 4కె తెరకు ‘పెర్ఫార్మెన్సు’ అమరిక ఎంచుకొంటే లోపల గీసే బొమ్మలో 21 లక్షల చుక్కలుంటాయి, చాలినంత సరుకు. అదే అమరికను 1,080 వరుసల మామూలు తెరకు పెడితే మిగిలేవి 5 లక్షల 18 వేలు. అప్పుడు దూరపు కంచె తీగలు మిణుకుమిణుకుమంటాయి. పరుగెత్తే మనిషి వెనుక నీడల వంటి చారలు సాగుతాయి. మామూలు తెర ఉన్నవారు ‘క్వాలిటీ’ అమరికను దాటి పోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

తడబాటుకు కారణం అసలు కార్డే కాకపోవచ్చు, ప్రాసెసరు కావచ్చు. పరీక్ష సులభం. ఆటలో రిజల్యూషను బాగా తగ్గించి చూడండి. వేగం పెరగకపోతే దోషం కార్డుది కాదు. అప్‌స్కేలింగు గాని, కొత్త కార్డు గాని ఆ రోగానికి మందు కాదు. ఈ పరీక్ష చేయకుండానే మా యింట ఒక కార్డు కొన్నాం. ఆట ఎప్పటివలెనే నడిచింది.

2022 నుంచి ఫ్రేమ్ జనరేషన్ అనే మరొక విద్య బయలుదేరింది. రెండు నిజమైన బొమ్మల నడుమ ఒక కల్పిత బొమ్మను చొప్పిస్తుంది. తెర మీద కదలిక నునుపు దేరుతుంది, లెక్కలో అంకె పెరుగుతుంది. కాని మీట నొక్కినప్పుడు ఆట బదులు పలకడం త్వరపడదు. రెండవ బొమ్మ సిద్ధమయ్యేదాకా వేచి ఉండాలి కనుక కొంత ఆలస్యం కూడా కావచ్చు. సెకనుకు 30 బొమ్మలతో కుంటే ఆటను ఈ విధంగా 60కి చేర్చినా, ఆడేవాని చేతికి అది 30 గానే తోస్తుంది. ప్రకటనలలోని అంకెలు కొన్ని ఈ కల్పిత బొమ్మలను కూడా కలుపుకొన్నవే. కనుక దుకాణంలో అంకె చెప్పగానే, వాటిని మినహాయిస్తే ఎంతని అడగండి.