చెడిపోయిన ట్యాంకుని లాగేదెవరు?

లారీ బురదలో దిగబడితే ఏం చేస్తాం? ఇంకో లారీ తెచ్చి, రోప్ కట్టి లాగుతాం. మరి ఆగిపోయింది 65 టన్నుల యుద్ధ వాహనం అయితే? అదీ ఎదురుగా శత్రువు ఫిరంగులు పేలుస్తుంటే? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

1942. జర్మన్ సైన్యానికి ఒక బరువైన ట్యాంకు కావాలి. పోటీలో ఇద్దరు. ఒకటి హెన్షెల్ కంపెనీ, రెండోది ఫెర్డినాండ్ పోర్షే. అవును, కార్ల పోర్షేనే. ఆయన డిజైన్ ఒక రకంగా హైబ్రిడ్. పెట్రోల్ ఇంజిన్ జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు తిరుగుతాయి, మోటార్లు పట్టాలను నడుపుతాయి. ఐడియా సూపర్. కానీ ఇంజిన్లు మొరాయించాయి. హెన్షెల్ గెలిచింది. మనం విన్న టైగర్ ట్యాంకు అదే.

మరి పోర్షే ముందే తయారు చేయించుకున్న బాడీలు? వాటిలో 90 బాడీలకి ముందు వైపు 200 మిల్లీమీటర్ల ఉక్కు, 88 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టి, శత్రు ట్యాంకులను వేటాడే బండ్లుగా మార్చారు. పేరు 'ఫెర్డినాండ్'.

1943 జులైలో రష్యాలోని కుర్స్క్ యుద్ధానికి వీటిని దింపారు. ముందు వైపు కవచాన్ని ఛేదించడం దాదాపు అసాధ్యం. కానీ నేల నిండా మందుపాతరలు. పట్టా తెగితే చాలు, బండి అక్కడే కూలబడుతుంది. లోపలి మనుషులు బతికే ఉంటారు, ఫిరంగీ పనిచేస్తుంది, కదలడమే కుదరదు.

లాగడానికి ఉన్నవి 18 టన్నుల బరువు లాగేలా చేసిన బండ్లు. ఒక్క ఫెర్డినాండ్‌కి అవి చాలా కావాలి. పైగా వాటికి మామూలుగా కవచం ఉండదు. గుండ్ల వానలో వాటి డ్రైవర్లు ముందుకి ఎలా వెళ్తారు చెప్పండి? చివరికి చాలా బండ్లను సొంత సిబ్బందే పేల్చేసి, వదిలేసి వెనక్కి రావాల్సి వచ్చింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజ్ చేయడం అంటాం.

ఆ దెబ్బ తిన్నాకే, అదే ఏడాది, పోర్షే బాడీల్లో మూడింటిని రికవరీ వాహనాలుగా మార్చారు. పెద్ద ఫిరంగి లేదు. వెనక చిన్న ఉక్కు క్యాబిన్, ఒక మెషిన్ గన్, బరువులు ఎత్తడానికి చిన్న క్రేన్. అంతే. పోటీలో ఓడిపోయిన ట్యాంకు, ఆగిపోయిన తోటి బండ్లను కాపాడే పనిలోకి వచ్చింది. కానీ 90 బండ్లకి మూడే!

ఇక్కడ అసలు లెక్క ఒకటుంది. చెడిపోయిన ట్యాంకు పోయినట్టు కాదు. లాగి తెస్తే రిపేరు చేసి మళ్లీ పంపొచ్చు. యుద్ధం అయ్యాక ఆ నేల ఎవరి చేతిలో ఉంటే, ఆగిపోయిన బండ్లన్నీ వాళ్లవే. వెనక్కి తగ్గే సైన్యానికి ప్రతి చిన్న రిపేరూ పూర్తి నష్టమే.

ఇప్పుడు ప్రపంచంలో పూర్తిగా మిగిలిన ఫెర్డినాండ్‌లు రెండే. ఒకటి రష్యాలో, ఇంకోటి అమెరికాలో. కుర్స్క్‌లో ఒకటి, ఇటలీలో ఒకటి శత్రువుకి చిక్కాయి. వెనక్కి లాగే బండి అందని చోట ఆగిపోయాయి కాబట్టే, ఈరోజు మనం వాటిని చూడగలుగుతున్నాం.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!