వాద్యకారుల దేహరక్షణ



భరతముని వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెఱగులుగా విభజించెను. వాద్యలక్షణములు మనకు తెలియును. వాయించువాని దేహమునకు కలుగు పీడను గూర్చి మాత్రము మనము మాటలాడుకొనుట అరుదు. జర్మనీ దేశపు షూమన్ అను విద్వాంసుడు 1832 ప్రాంతమున కుడిచేతి వ్రేలు చెడి, పియానో వాదనము మాని, కృతికర్తగా మిగిలెను. అంతటివానికే తప్పనిది మన డప్పువానికి తప్పునా?

కంచుమేళమునకు పేరొందిన శ్రీ సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. వాద్యమునకు గౌరవము వచ్చినది, సంతోషము. వాద్యకారుని భుజమునకు, చెవికి అది యింకను రాలేదు.

భద్రాచల మన్యమున కొమ్ము కోయలు అడవిదున్న కొమ్ములను శిరమున ధరించి, పెద్ద డోలు మెడకు తగిలించుకొని, వాయించుచు నాడుదురు. తలపై బరువు, మెడకు బరువు, దానిపై అడుగుల అదురు. సన్నని త్రాడు మెడను కోయును. వెడల్పైన పట్టీ కట్టి, దాని క్రింద మడతగుడ్డ నుంచినచో బరువు పఱచుకొనును. నడుమ నడుమ డోలు దింపవలయును.

డప్పును మంటకు కాచనిదే ఎవరును వాయింపరు. చేతులను మాత్రము కాచకయే పనికి దింపుదురు! మొదట కొంతసేపు మెల్లని దరువు వేసి, పిమ్మట జోరు పెంచవలెను. పుల్లను బిగించి పట్టరాదు. చేయి తిమ్మిరెక్కినను, విశ్రమించినను నొప్పి తగ్గకున్నను వైద్యుని చూడవలయును, తైలమర్దనముతో సరిపుచ్చరాదు. డోలు విద్వాంసులు వ్రేళ్ళకు గట్టి తొడుగులు వేయుట నాదమునకే గాక వ్రేళ్ళకును రక్ష. నాగస్వరము ఊదువారి పెదవుల సంగతి వేఱొక ప్రసంగమునకు తగును.

ఇక చెవి. నా పూర్వశిష్యుడొకడు ముప్పదియేండ్లు డప్పు కొట్టెను. మొన్న మా అరుగుపై కూర్చుండి, నే నడిగిన ప్రతిమాటకు "ఏమిటయ్యవారూ?" అనుచుండెను. "జాతర ముగిసిన రాత్రి చెవిలో కీచురాళ్ళు అఱచేవి, తెల్లవారితే పోయేవి. ఇప్పుడు పోవడము లేదు" అనెను. ఆ కీచుధ్వనియే తొలి హెచ్చరిక. లోచెవిలోని సూక్ష్మకణములు నశించినచో మరల మొలవవు. 85 డెసిబెల్లుల ధ్వనిని 8 గంటలు వినవచ్చునని ఒక ప్రమాణము. 3 డెసిబెల్లులు పెరిగిన కొలది కాలము సగమగును. 100 డెసిబెల్లులకు పావుగంటయే. చెవిలో దూది పెట్టుకొనుట చాలదు. చెవికై చేసిన బిరడాలు మందుల దుకాణములలో దొరకును. ధ్వనివర్ధకపు పెట్టెకు ముందు నిలువరాదు.

అయినను వాయించువాడు తనంత తాను ఆగజాలడు. "ఇంకొక దరువు వేయరా" యని రూపాయి చూపువారము మనమే. బయానా యిచ్చునపుడే రెండు జట్లను పిలిచి, గంటకొక జట్టు మారునట్లు మాటాడుకొనవచ్చును. ఖర్చు పెరుగునని యొక పెద్దమనిషి నాతో వాదించెను. బాణసంచాకు ఆయన లెక్క చూడలేదు.

నా శిష్యుని మనుమడు పండ్రెండేండ్లవాడు, ఇప్పుడే పుల్ల పట్టినాడు. వచ్చు జాతరకు వానిని గంటకు మించి నిలుపవద్దని వాని తాతకు కాగితముపై వ్రాసి యిచ్చితిని.