పోలిక వేరు, బంధుత్వం వేరు

ఈ వేదిక మీద నేను వాదించదలచింది ఒక్కటే. ఒకదానిపై ఒకటి ఆధారపడని సాక్ష్యాలు కలిసి వచ్చినప్పుడే శాస్త్ర నిర్ణయం నిలబడుతుంది. కేవియర్ కోసం మనిషి అంతరించే దశకు తెచ్చిన స్టర్జన్ చేపల వంశచరిత్ర ఇందుకు గట్టి రుజువు. కాస్పియన్, నల్ల సముద్రాల్లో బెలూగా ఉంది, ఆమూర్ నదిలో కలూగా ఉంది. రెండూ భారీకాయాలు, రెండింటిదీ విశాలమైన నోరు, రెండూ తోటి చేపలను వేటాడి బతికేవే. అందుకే వాటిని చాలాకాలం హ్యూసో అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. 1990ల చివర మైటోకాండ్రియా డీఎన్‌ఏను పోల్చి చూశాక ఆ జంట విడిపోయింది. కలూగా వెళ్లి పసిఫిక్ తీరాల స్టర్జన్ల గుంపులో, అమెరికా పశ్చిమ తీరపు తెల్ల స్టర్జన్ సరసన చేరింది. బెలూగాకు బంధువుగా తేలింది చిన్నపాటి స్టెర్లెట్! వేటాడే బతుకు రెండు వంశాల్లో విడివిడిగా అలాంటి నోటినే తీర్చిందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది కదా, ఆ ఒక్క సాక్షి మాట ఎలా నమ్మాలని మీలో ఎవరైనా అడిగితే, అది సరైన ప్రశ్నే. పైగా స్టర్జన్లు జాతులు దాటి సులభంగా కలుస్తాయి. కాస్పియన్‌లోని కొన్ని రష్యన్ స్టర్జన్లలో సైబీరియా స్టర్జన్ తరహా మైటోకాండ్రియా కనిపించింది. అలాగని సంకరం జరగడమే దగ్గరి చుట్టరికానికి రుజువూ కాదు. రష్యన్ స్టర్జన్‌కూ అమెరికా పాడిల్‌ఫిష్‌కూ పిల్లలు పుట్టాయని 2020లో హంగేరీ పరిశోధకులు ప్రకటించారు. ఆ వంశాలు విడిపోయి 18 కోట్ల ఏళ్లు దాటింది. పోనీ కేంద్రకంలోని జన్యువులను చూద్దామంటే అక్కడ మరో చిక్కు. కొన్ని జాతుల్లో క్రోమోజోములు సుమారు 120, మరికొన్నింటిలో సుమారు 250. ఒకే జన్యువుకు ఎన్నో ప్రతులుంటాయి, ఏ ప్రతిని దేనితో పోల్చాలో తేల్చుకోకపోతే తప్పుడు వృక్షం వస్తుంది. ఇంత జాగ్రత్త తీసుకుని అనేక కేంద్రక జన్యువులను పరిశీలించినా బెలూగా, కలూగా మళ్లీ వేరుగానే నిలిచాయి. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

చేపలే కనుమరుగవుతుంటే ఈ వంశవృక్షాలు దేనికన్న ప్రశ్నకు బాల్టిక్ సముద్రం జవాబు చెబుతుంది. అక్కడ అంతరించింది యూరప్ స్టర్జనే అని అందరూ అనుకున్నారు. మ్యూజియం నమూనాల డీఎన్‌ఏ పరీక్షించి, అది ఉత్తర అమెరికా అట్లాంటిక్ స్టర్జన్ అని 2002లో తేల్చారు. తర్వాత కేంద్రక జన్యువుల్లో యూరప్ జాతి ఛాయలూ బయటపడ్డాయి. అంటే అమెరికా నుంచి వచ్చిన ఆడచేపలు స్థానిక జాతితో కలిశాయన్నమాట. తల్లి వంశం ఒక్కటే చూసి ఉంటే ఈ కలయిక తెలిసేదే కాదు. ఇప్పుడు జర్మనీలో బాల్టిక్‌లో కలిసే ఓడర్‌లో కెనడా సెయింట్ జాన్ నది స్టర్జన్ల సంతతిని వదులుతున్నారు. ఉత్తర సముద్రంలో కలిసే ఎల్బ్‌లో మాత్రం ఫ్రాన్స్‌లోని జిరోండ్ ప్రాంతంలో మిగిలిన యూరప్ స్టర్జన్ల పిల్లలను వదులుతున్నారు.