గ్రంథాలయము – గ్రామ యువజనుల జీవనోపాధి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమనగా గడచిన పనిని మెచ్చుకొను దినము. మెచ్చుకొనుట నాకును ఇష్టమే. కాని ఉదయమున మన పఠనమందిరమునకు అందఱికంటె ముందు వచ్చువారెవరో చూచితిరా? చదువు ముగించి, పని దొరకక, ఇంటిలో కూర్చుండుటకు మొగము చెల్లని పిల్లలు. వారు పత్రికలో మొదట వెదకునది సంపాదకీయము కాదు, ఉద్యోగ ప్రకటనలు. వారిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

చదువునకును చేతిపనికిని నడుమ గోడ యుండరాదని కృష్ణా జిల్లా పెద్దలు ఏనాడో గ్రహించిరి. 1910లో బందరున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, సాహిత్యముతోపాటు వృత్తివిద్యలను గూడ నేర్పించిరి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగెను. నా మటుకు నాకు ఇవి రెండును ఒకే తల్లి బిడ్డలు. రెండవదాని పేరు ఊరూర నిలిచినది. మొదటిదాని ఆశయము పుస్తకములలో మిగిలినది.

మనది మెట్ట. 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరితిమి గాని, కృష్ణా మెట్ట యనిననే మనకు చెవికింపు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. పిమ్మట ఎడమకాలువ నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకును సాగునీరు తెచ్చినది. అయినను ప్రత్తి, మిరప పైరులు కూలిని కొన్ని నెలలే ఇచ్చును. నేలలోని సున్నపురాతి మూలమున సిమెంటు కర్మాగారములు వెలసినవి. హైదరాబాదు–విజయవాడ రహదారి మన నడుమనుండియే పోవుచున్నది. కర్మాగారమునకు ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను కావలెను. దారిలో లారీ ఆగిన మెకానిక్కు కావలెను. పొలములో మోటారు కాలిన వైండింగు తెలిసినవాడు కావలెను. డిగ్రీ పట్టా పట్టుకొని వచ్చిన కుఱ్ఱవానికి ఇవి యేవియు రావు. తప్పు వానిది కాదు. పదవ తరగతినాడు ఈ దారి యొకటి యున్నదని వానికి చెప్పినవారు లేరు.

ఐ.టి.ఐ.లో వెల్డరు పనికి ఎనిమిదవ తరగతి చాలును. శిక్షణ ఒక యేడు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను పనులకు పదవ తరగతి ప్యాసు కావలెను, శిక్షణ రెండేండ్లు. బడి మానినవారు 14 ఏండ్లు నిండినచో సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. తరువాత 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి కర్మాగారములో భృతి పుచ్చుకొనుచు పని నేర్చుకొనవచ్చును. గడువు తీరినంతనే అచటనే ఉద్యోగ మిచ్చి తీరవలెనని ఆ చట్టము విధింపలేదు; ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పవలెను. అయితే ఆ సర్టిఫికెట్టు మఱియొక చోటను చెల్లును.

సర్కారు కొలువుల పరీక్షలకై ఏండ్ల తరబడి చదువువారిని నేను నిరుత్సాహపఱుపను. కాని వయోపరిమితి దాటువఱకు అదియొక్కటే నమ్ముకొనుట ప్రమాదము.

వీరికి అడ్డుపడునవి తఱచు చిన్న సంగతులే. మార్కుల పట్టికలో ఇంటిపేరు ఒక విధముగను, ఆధార్ కార్డులో మఱియొక విధముగను ఉండును. కుల ధ్రువపత్రము వచ్చులోపల గడువు తీరును. విజయవాడలో వసతికి, బస్సు ఛార్జీలకు మొదటి నెల డబ్బుండదు. ఆడపిల్ల తండ్రికి మఱియొక భయము: ఆ వసతిగృహ మెట్టిదో చూచివచ్చినవారెవరు? ఊరిలో నలుగురు నమ్మిన పెద్దమ్మ యొకరు వెంట వెళ్లి చూచివచ్చినచో ఆ భయము సగము తీరును.

కావున కార్యవర్గమువారికి నా ప్రార్థన యిది. వారమునకొక సాయంకాలము దరఖాస్తులు నింపగల ఉపాధ్యాయుడొకరు ఇచట కూర్చుండవలెను. ప్రకటనలను గడువు తేదీలతో నల్లబల్లపై వ్రాయవలెను. ఈ ఉత్సవ చందాలలో మిగిలిన సొమ్మును మొదటి నెల ఖర్చులకు బదులిచ్చు నిధిగా ఉంచవలెను. జీతమో భృతియో చేతికి వచ్చిన పిమ్మట వారు వాయిదాలమీద తీర్చుకొందురు.

ఒక ఖాళీ రిజిస్టరు తెచ్చి గ్రంథపాలకుని బల్లపై ఉంచితిని. పేరు, చదువు, నేర్చుకొనగోరు పని – మూడు గడులు మాత్రమే గీసితిని. సభానంతరము తల్లిదండ్రులు వచ్చి తమ బిడ్డల పేర్లు వ్రాయింపవచ్చును. ఆడపిల్లల పేర్లు మొదటి పుటలోనే కనబడవలెనని నా కోరిక.